ఎర్రబల్ల మీద నిలబెట్టిన చాక్లెట్

నేను ఒక చాక్లెట్ పలకను. నలభై గ్రాముల బరువు, పది గళ్ళు, ముదురు గోధుమరంగు. మీరు చిన్నప్పుడు మారాం చేసి సంపాదించుకున్నదీ, పెద్దయ్యాక మీ పిల్లల దగ్గర లాక్కుని బీరువాలో దాచినదీ నన్నే. దాచినవాళ్ళే తలుపు చాటున ఒక ముక్క విరుచుకున్న సంగతి కూడా నాకు తెలుసు. మొహమాటపడకండి, నేనెవరికీ చెప్పను. నన్ను తిట్టేటప్పుడు మాత్రం కాస్త న్యాయంగా తిట్టండి. నోరు విప్పింది ఆ మాట చెప్పడానికే.

నా పుట్టుక అంత తియ్యనిదేమీ కాదు. ఎక్కడో కొబ్బరిచెట్ల నీడనో, పామాయిల్ చెట్ల మధ్యనో, మాను బెరడుకే అతుక్కుని కాసిన కోకో కాయల్లోంచి వచ్చాను. ఏ తోటో నాకు తెలియదు. వంద తోటల గింజలు ఒక్క గోదాములో కలిశాక ఎవరు ఎక్కడివాళ్ళో ఎవరు చెప్పగలరు? పచ్చి గింజ చుట్టూ ఉన్న తెల్లగుజ్జు చప్పరిస్తే బాగానే ఉంటుంది, గింజ కొరికారా, రోజంతా నోరు చేదే. ఆ చేదు విరిగేది ఫ్యాక్టరీలో అనుకుంటారు మీరు. కాదు. ముందు తోటలోనే గింజలను చెక్కపెట్టెలో పోసి, అరటాకులు కప్పి, పైన గోనెపట్టా వేసి ఆరు రోజులు మగ్గబెడతారు. లోపల వేడి పుట్టి, ఆవిరి లేచి, పులిసిన వాసన తోటంతా కొడుతుంది. మధ్యలో రెండుసార్లు అడుగుది పైకీ, పైది అడుగుకీ తిరగెయ్యాలి. ఆ తర్వాత ఎండ. ఇంత అయ్యాక ఫ్యాక్టరీవాళ్ళు నన్ను వేయించి, పొట్టు తీసి, నూరి, పంచదార కలిపి, అచ్చులో పోసి, మెరిసే కాగితం చుట్టి, దాని మీద వాళ్ళ పేరు అచ్చేసుకున్నారు. పెట్టె తిరగేసిన చేతుల పేరు ఏ కాగితం మీదా ఉండదు.

నాలో ఏముందో దాచిపెట్టే అలవాటు నాకు లేదు. నా వీపు మీదే అచ్చేసి ఉంటుంది, చదివే ఓపిక మీకుండదు గానీ. సగానికి పైగా పంచదార. మూడో వంతు కొవ్వు. ఆ కొవ్వు వల్లే మీ నాలుక వేడికి వెన్నలా కరిగిపోతాను. కాస్త పీచు, కాస్త ఇనుము, కాస్త మెగ్నీషియం, పిసరంత మాంసకృత్తులు, కాఫీలో ఉండే హుషారు మందు కూడా చిటికెడు. నా మొత్తం ఒంట్లో రెండు వందల కేలరీలున్నాయి. నన్ను అన్నంలా తినమని నేనెప్పుడూ అనలేదు. బలానికి తినమనీ అనలేదు. టీవీలో ఎవరైనా గెంతుతూ అలా చెబితే వాళ్ళను నిలదీయండి.

ఇక నన్ను మీరు వాడే తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సూది పొడిచి ఏడిపించిన డాక్టరు మంచివాడనిపించుకోవడానికి నేను కావాలి. ఊరెళుతూ పిల్లను వదిలించుకోవడానికి బస్టాండులో నేను కావాలి. అలిగిన పెళ్ళాం ముందు మాట పెగలని మొగుడికి నేను కావాలి. పుట్టినరోజున రంగు గౌను వేసుకున్న పిల్ల క్లాసంతా తిరిగి పంచడానికీ, టీచర్లకు రెండేసి ఇవ్వడానికీ నేనే. చుట్టాలొచ్చినప్పుడు ఇంట్లో ఏమీ లేకపోతే పరువు కాపాడేదీ నేనే. చక్కెర జబ్బు ఉన్నాయన కళ్ళు తిరిగి పడిపోబోతుంటే కూడా నన్నే వెతుకుతారు. అప్పుడు మాత్రం నేనే చెబుతున్నాను, పంచదార నీళ్ళో, గ్లూకోజో ముందు పట్టండి. నాలో కొవ్వు ఉంది, నేను నిదానంగా పనిచేస్తాను. నా గొప్ప కోసం ఒక మనిషి ప్రాణంతో ఆడుకునేంత నీచం నాకు లేదు. మరో సంగతి. ముచ్చటేసి కుక్కలకు విసురుతారే, ఆ మూగప్రాణికి నేను నిజంగానే విషం. అది ఏ బోర్డు మీదా రాయరు. మనుషులకు విషమని మాత్రం ఇంతింత అక్షరాలతో రాస్తారు.

అలాంటి బోర్డు కిందికే నన్ను తీసుకెళ్ళారు. అదే చెప్పబోతున్నాను.

ఏలూరు జిల్లా మెట్టలో, పామాయిల్ తోటల నడుమ ఉన్న ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే హైమావతి టీచరు నన్ను కొన్నది. పాల ప్యాకెట్ల పక్కన చలిలో వణుకుతున్నదాన్ని ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి మారాను. ఆవిడకొక నియమం ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి, ఆఖరి పీరియడ్‌కు ముందు, స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి ఒక్క గడి విరుచుకుని నోట్లో వేసుకుంటుంది. రెండోది ముట్టదు. కళ్ళు మూసుకుని, అది పూర్తిగా కరిగేదాకా ఆగి, మూతి తుడుచుకుని క్లాసుకు పోయి పిల్లలకు చాక్లెట్లు తినకూడదని పాఠం చెబుతుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. వాళ్ళ నాన్న తీపి తగ్గించుకోలేక, చక్కెర జబ్బు ముదిరి కాలు తీయించుకున్నాడు. ఆ భయం ఆవిడ ఎముకల్లో ఉంది. ఆ భయంతోనే రోజుకు ఒక్క గడి దగ్గర ఆగుతుంది, ఆ భయంతోనే పిల్లల ముందు నన్ను రాక్షసిని చేస్తుంది.

మూడు గళ్ళు తిన్నాక పోషకాహార వారోత్సవాలు వచ్చాయి. బడి హాల్లో రెండు బల్లలు. పచ్చగుడ్డ పరిచిన దాని మీద తినవలసినవి: మొలకలు, ఆకుకూరలు, గుడ్లు, రాగులు. ఎర్రగుడ్డ పరిచిన దాని మీద తినకూడనివి: చిప్సు, కూల్‌డ్రింకు, పుల్లైసు. ఎర్రబల్ల కోసమని తెప్పించిన చాక్లెట్లు ముందు రోజే స్టాఫ్‌రూములో టీతోపాటు మాయమయ్యాయి. తిన్నది పిల్లలు కాదు. ఇక చేసేదేమీ లేక హైమావతి టీచరు తన బ్యాగులోంచి నన్నే బయటికి తీసింది. తిన్న మూడు గళ్ళ చోటులో అట్టముక్క పెట్టి, కాగితం నీటుగా మడిచి, నిండుగా కనిపించేలా చేసింది.

ఎర్రబల్ల దగ్గర నిలబడి మాట్లాడే పని ఎనిమిదో తరగతి బ్యూలాకు ఇచ్చారు. గొంతు ఖంగుమని ఉంటుంది ఆ పిల్లకు. టీచరు ఒక కాగితం రాసిచ్చి, నన్ను కూడా చేతిలో పెట్టి, "ఇంటికెళ్ళి దీన్ని పట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి. రేపు ఎంఈఓ గారొస్తారు. విప్పకూడదు, తెలిసిందా?" అంది. బ్యూలా నన్ను గాజుబొమ్మను మోసినట్టు ఇంటికి మోసుకెళ్ళింది.

రేకుల ఇల్లు. దీపాలు పెట్టే వేళ. వాళ్ళమ్మ కరుణమ్మ అప్పుడే పనిలోంచి వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటోంది. ఆమె చేతులు చూడగానే గుర్తుపట్టాను. గోళ్ళ సందుల్లో గోధుమరంగు, ఒంటి నుంచి పులిసిన వాసన. నా తొలి వాసన అది. ఆమె కోకో తోటలో పెట్టెల మనిషి. కాయలు కొట్టేవాళ్ళు పాతికమంది ఉంటారు గానీ గింజ మగ్గబెట్టడం అందరికీ రాదు. పదకొండేళ్ళుగా ఆ తోటలో పెట్టెలన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి.

బ్యూలా గోడకు ఆనుకుని నిలబడి, నన్ను పైకెత్తి, ఖంగుమంటూ మొదలుపెట్టింది. "దీన్ని చూడండి! దీని పేరు చాక్లెట్. ఇది తియ్యని విషం. ఇది మన పళ్ళను తింటుంది, రక్తాన్ని పాడుచేస్తుంది. దీన్ని తయారుచేసేవాళ్ళు పిల్లలకు శత్రువులు!"

"బా సెప్పావే," అని మురిసిపోయింది కరుణమ్మ. "ఏదీ, ఇలాగియ్యి. దేంతో చేత్తారే దీన్ని?"

"వెనకాల రాసుంది కదమ్మా. పంచదార, కోకో..."

"కోకోనా? మన కోకోనా?"

"మన కోకోనే. నీకు తెలీదా?"

కరుణమ్మకు తెలియదు. గింజలు తూకం వేసే గుమాస్తా పదకొండేళ్ళ కింద ఒకసారి చెప్పాడట, ఇవి పాలలో కలుపుకునే బలం పొడికి పోతాయి, జబ్బుపడి లేచినవాళ్ళకు పడతారు అని. గుమాస్తా అబద్ధమాడలేదు, సగం చెప్పి ఊరుకున్నాడు. ఆమె ఆ సగాన్నే నమ్ముకుని, తన పెట్టె పాడైతే ఏ రోగికి బలం తగ్గుతుందోనని జ్వరం వచ్చినా పెట్టె తిరగెయ్యడానికి వెళ్ళేది. కిళ్ళీకొట్టులో దొరికే నారింజ బిళ్ళలు తప్ప ఇలాంటి చాక్లెట్ ఆమె ఎప్పుడూ నోట పెట్టలేదు. తన గింజకూ ఈ మెరిసే కాగితానికీ చుట్టరికం ఉందని ఆమెకు ఎలా తోస్తుంది?

నన్ను నేల మీద పెట్టేసింది. తన గోళ్ళ సందుల్లోకి చూసుకుంటూ అంది, "అంటే పదకొండేళ్ళ బట్టీ పిల్లలకి విషం వండానా నేను?"

"అమ్మా, అది ఊరికే స్పీచమ్మా!"

"టీచరుగారు సదువుకున్నోరు. ఊరికే రాత్తారేటే?"

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. అచ్చులో వేసిన అక్షరం ఏదైనా, చదువుకున్నవాళ్ళు చేతిరాతతో రాసింది ఏదైనా నిజమేనని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాసేవాళ్ళకు ఆ సంగతి గుర్తుండదు. జనం చప్పట్లు కొడతారని ఒక ముక్క ఎక్కువ రాస్తారు. ఆ ముక్క వచ్చి ఇలాంటి మనిషి గుండెలో దిగుతుంది. నన్ను విషమంటే పోనీలే అనుకుని ఊరుకునేదాన్ని. ఆమెను శత్రువన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చి వీధిలో ఆగింది. తోటి ఆడవాళ్ళు కేకేశారు. "కరుణమ్మా! రాయే! పెట్టె తిరగేసే రోజు కదా ఇయాల!"

"నేను రానే. ఎల్లండి."

"ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. ఆ పని మానేత్తన్నాను."

ఆటో వెళ్ళిపోయింది. బ్యూలా అమ్మ వైపు చూడలేక నన్ను సంచిలో వేసుకుని బడికి పరుగెత్తింది. కరుణమ్మకు రోజు కూలి డబ్బులు పోతాయనే బాధ ఒక ఎత్తు. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాని పని ఆమెకు వచ్చు, ఆ పనిలోనే ఆమె తలెత్తుకు తిరిగేది. అదే పోతోంది, అది మరో ఎత్తు. దాన్ని ఊడబెరుకుతున్న కాగితం కూతురి పుస్తకంలో మడిచి ఉంది.

పదకొండింటికి ఎంఈఓ గారు వచ్చారు. పచ్చబల్ల ముందు తలాడించారు, ఒక మొలక నోట్లో వేసుకున్నారు, ఫొటో తీయించుకున్నారు. ఎర్రబల్ల దగ్గరికొచ్చేసరికి నన్ను చిప్సు ప్యాకెట్టు మీద నిట్టనిలువుగా ఆనించి ఉంచారు, దొంగను స్టేషన్లో నిలబెట్టినట్టు. నా తల మీద ఎర్రక్షరాలతో 'తియ్యని విషం' అని అట్ట. అట్టదేముంది, ఎన్ని అట్టలైనా రాసుకోమనండి, నేను తల దించలేదు. మెరుస్తూనే నిలబడ్డాను.

బ్యూలా నన్ను చేతిలోకి తీసుకుంది. "దీన్ని చూడండి. దీని పేరు చాక్లెట్. ఇది..."

ఆగిపోయింది. వరండా స్తంభం దగ్గర ఉతికిన చీర కట్టుకుని కరుణమ్మ నిలబడి ఉంది. కోపంగా ఏమీ లేదు. కూతురు అందరి ముందు ఏం చెబుతుందో విని, అదే ఖాయం చేసుకుని వెళ్ళిపోదామని వచ్చిన మనిషిలా ఉంది. పిల్ల వేళ్ళు చెమట పట్టాయి. ఆ వేడికి నా అంచు మెత్తబడుతోంది. చెప్పవే తల్లీ, ఏదో ఒకటి చెప్పు, అనుకుంటున్నాను.

"ఏమ్మా, మర్చిపోయావా?" అన్నారు ఎంఈఓ గారు.

"లేదండి. రాసిచ్చింది నాకొచ్చండి. కానీ అది కరెక్టు కాదండి." నన్ను తిరగేసి వీపు చదవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళకు ఒకరు చదివారు! "వంద గ్రాములకి యాభై రెండు గ్రాముల పంచదార అని ఉందండి. ఇది నలభై గ్రాములు. అంటే ఇరవై ఒకటి. ఐదు స్పూన్లు. మొత్తం ఒకేసారి తింటే ఎక్కువేనండి, రోజూ తింటే తప్పేనండి. పుక్కిలించకపోతే పళ్ళు పుచ్చుతాయండి. కానీ ఒక్క గడి తింటే అర స్పూనండి. టీలో అంతకన్నా ఎక్కువేసుకుంటామండి. అర స్పూన్ని విషం అనకూడదు కదండీ."

"బ్యూలా!" అంది హైమావతి టీచరు గొంతు తగ్గించి.

"దీన్ని చేసేవాళ్ళు శత్రువులు కాదండి. దీని గింజ మా అమ్మే మగ్గబెడతాదండి. ఆరు రోజులు. మా అమ్మ ఎవరికీ శత్రువు కాదండి."

ఎంఈఓ గారికి ఇబ్బందిగా అనిపించిందో, ముచ్చటేసిందో గానీ, "సరే, ఒక్క గడి అంటే ఎంతో చూపించు మరి," అన్నారు. బ్యూలా టీచరు వైపు చూసి, మెల్లగా నా కాగితం విప్పింది. అట్టముక్క జారి కింద పడింది. ఏడు గళ్ళు.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఎంఈఓ గారి ముఖం మారిపోయింది. "ఓహో! చాటుగా లాగించేసి, ఇక్కడికొచ్చి మంచిదని లెక్కలు చెబుతున్నావన్నమాట!"

బ్యూలా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. స్తంభం దగ్గర కరుణమ్మ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఆ నిమిషంలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ హైమావతి టీచరూ. నేను మాట్లాడలేను. ఆవిడ మాట్లాడాలంటే ఇరవై ఏళ్ళుగా పిల్లల ముందు కట్టుకున్న పరువు తీసి బల్ల మీద పెట్టాలి. మనుషుల సంగతి నేను చాలా చూశాను. నాకు పెద్ద ఆశ లేదు.

"నేను తిన్నాను సార్," అందావిడ.

ఎంఈఓ గారికి వినపడలేదనుకుందేమో, ఈసారి గట్టిగా అంది. "ఆ మూడూ నేనే తిన్నాను. అది నా చాక్లెట్ సార్. నాలుగింటికి రోజుకో గడి తింటాను. మా నాన్నకి షుగరు. కాలు తీసేశారు. నాకూ వస్తుందేమోనని భయం. అందుకే రెండోది ముట్టుకోను. పిల్లకిచ్చిన స్పీచ్‌లో ఈ మాట రాసి ఉండాల్సింది, విషమని రాశాను. అమ్మాయి చెప్పిందే సరైనది."

ఎవరో నవ్వారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి గానీ తల దించలేదు. నాకు ఆవిడ మీద ఉన్న కాస్త కినుకా అక్కడితో పోయింది. తానే వెళ్ళి డ్రిల్లు రూములోంచి ఒక స్టూలు తెచ్చి రెండు బల్లల మధ్య వేసింది. దాని మీద ఏ రంగు గుడ్డా పరచలేదు. నన్ను తీసుకొచ్చి దాని మీద పెట్టి, ఒక తెల్లకాగితం మీద 'ఎప్పుడైనా, ఒక్క గడి' అని రాసి పక్కన ఉంచింది. ఎంఈఓ గారు దానితో కూడా ఫొటో తీయించుకున్నారు, ఆలోచన తమదే అన్నట్టు.

ఆయన జీపు కదిలాక టీచరు నన్ను చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. "కరుణమ్మ గారూ, తప్పుగా రాశాను. ఆ మాట మిమ్మల్ని అనాలని కాదు."

"అయ్యో, పెద్దమాటలండీ," అంటూ కరుణమ్మ కొంగు సర్దుకుంది. ఆమె ముఖం ఇంకా తేటపడలేదు. తప్పని ఒప్పుకున్నంత మాత్రాన రాత్రంతా మోసిన బరువు ఒక్కసారిగా దిగిపోతుందా?

"మీరెప్పుడైనా తిన్నారా దీన్ని?"

"లేదండి."

టీచరు ఒక గడి విరిచి ఆమె అరచేతిలో పెట్టింది. కరుణమ్మ ముందు వాసన చూసింది. తర్వాత నోట్లో వేసుకుంది. నేను ఎంతోమంది నోళ్ళు చూశాను. అందరూ తీపి తగలగానే కళ్ళు మూసుకుంటారు. ఈమె కళ్ళు మూసుకోలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె నాలుక నా పంచదారను పక్కకు తోసి, లోపలికి, ఇంకా లోపలికి, నేను గింజగా ఉన్న రోజుల్లోకి వెళ్ళి తడుముతోంది. పదకొండేళ్ళుగా రోజూ ప్రతి పెట్టెలోంచీ ఒక గింజ కొరికి చూసిన నాలుక అది. అంతవరకూ ఎవరికీ జంకని నాకు మొదటిసారి జంకు పుట్టింది.

"ఎలా ఉందమ్మా?" అంది బ్యూలా.

"మగ్గలేదే ఇది."

"ఆఁ?"

"గింజ సరిగా మగ్గలేదు. తీపి కింద వగరు తగుల్తందా లేదా? ఎవడో నాలుగో రోజునే ఎండలో పోసేశాడు. తిరగెయ్యనన్నా తిరగెయ్యలేదు." చప్పరించి, ఆగి, మళ్ళీ చప్పరించింది. "మా పెట్టె గింజయితే ఇలాగుండదండి టీచరుగారూ. ఒట్టు."

అని, ఉన్నట్టుండి ఉలిక్కిపడింది. "టైమెంతయ్యిందండీ?"

"పన్నెండు కావస్తోంది."

"అయ్యబాబోయ్! మూడో రోజు పెట్టె అది! ఆళ్ళకి తిరగెయ్యడం రాదు, పైపైన కెలికి ఒదిలేత్తారు. ఇదిగో, ఇలాగే తగలడద్ది!" చెప్పులు వేసుకోవడం కూడా సగంలోనే, కొంగు నడుముకు బిగించి మెట్లు దిగేసింది. గేటు దగ్గర అటుగా పోతున్న ట్రాక్టరును చెయ్యెత్తి ఆపడం కనిపించింది. వెనక్కి తిరిగి కూతురికి అరిచింది, "అన్నం గిన్నెలో ఉంది, తినెయ్యి! నేను సీకటడేలోగా వత్తాను!"

ట్రాక్టరు వెళ్ళిపోయింది. బ్యూలా గేటు దాకా పరుగెత్తి, అక్కడే నిలబడి కొంగు ఎగరడం కనబడినంతసేపూ చూసింది. ఏడుస్తోందో, నవ్వుతోందో ఇక్కడి నుంచి తెలియలేదు.

ఇప్పుడు మళ్ళీ స్టూలు మీదికే చేరాను, నావి ఆరు గళ్ళు మిగిలి ఉన్నాయి. డాక్టర్లూ, బోర్డులూ, భయస్తులూ ఇన్నాళ్ళూ నా మీద వేసిన నిందలకు ఒక్కదానికీ నేను తల వంచలేదు, ఇకపైనా వంచను. కరుణమ్మ చెప్పిన తప్పు మాత్రం నిజం. నన్ను తొందరపడి తయారుచేశారు, ఆ వగరు నాలో ఉంది, దాన్ని ఇంత పంచదార పోసి కప్పారు. అది కనిపెట్టగలిగేది ఆ మనిషి ఒక్కతే. ఆమె ఇప్పుడు మోచేతుల దాకా పెట్టెలో ఉండి ఉంటుంది. మీరు రండి, ఒక గడి తీసుకోండి, వద్దనుకుంటే మానండి, పళ్ళు తోముకోండి. ఆమెను శత్రువనే మాట మాత్రం నా ముందు ఎత్తకండి.